హాసీ రహ్మాలో కాలు పెట్టని కుయిదర్

మా ఊళ్ళో ఒక అంకెను ఎవరూ నోటితో పలకరు. నలభైల్లో ఉంటుంది. అంతకంటే నన్ను అడక్కండి. హాసీ రహ్మా జిల్లా బళ్ళకు నంబరు పలక చివర ఉండే అంకె అది. సంతలో గొర్రెల్ని లెక్కపెట్టేవాడు కూడా ఆ అంకె దగ్గరికొచ్చేసరికి ఒక దగ్గు దగ్గి తర్వాతి అంకెకు వెళ్ళిపోతాడు. ఆ దగ్గే ఒక గొర్రె కింద లెక్క. పొరుగూరి బేరగాళ్ళు మొదట్లో తికమకపడేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళకీ అలవాటైపోయింది.

మూడు దశాబ్దాలకు పైగా మా బళ్ళ వెనక కూడా ఆ అంకెనే మోశాం. ఈమధ్య దేశంలో మళ్ళీ జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఐన్ సిద్రకూ జిల్లా వచ్చింది, సొంత అంకె వచ్చింది. ఆ రోజు ఊరంతా వీధుల్లోనే ఉంది. గాల్లోకి తుపాకులు పేల్చారు, గుర్రాల్ని పరిగెత్తించారు, ఆడవాళ్ళు మిద్దెలెక్కి గొంతులు పగిలేలా కూతలు పెట్టారు. తలుపు తీయని మనిషి ఒక్కడే. మాంసం కాల్చే కుయిదర్. ఈ ఊరికి జిల్లా రాలేదని అందరికంటే ఎక్కువ ఏడ్చినవాడు అది వచ్చిన రోజున గడప దాటలేదు. ముసలాడికి చెవుడొచ్చింది కాబోలు అనుకున్నారు కుర్రకారు. చెవుడూ లేదు, గివుడూ లేదు. నేను ఆయన ఎదురుకొట్టు మంగలిని, సద్దీక్‌ని. ఆ గడ్డం నల్లగా ఉన్నప్పటి నుంచీ నా కత్తి కిందే ఉంది. ఆయన సంగతి నాకు తెలిసినంత ఆయన తోబుట్టువుకు కూడా తెలియదు. నిజానికి గొడవంతా ఆ తోబుట్టువుతోనే.

మా ఊరి పాత గొప్ప కొంచెం చెప్పుకోకపోతే ఈ ఏడుపు ఎవరికీ అర్థం కాదు. ఫ్రెంచివాళ్ళ కాలంలో దక్షిణాన ఈ నేలంతా సైన్యం చేతిలో ఉండేది. వాళ్ళ కెప్టెను కోట కట్టుకుని కూర్చున్నది మా కొండ మీదే. పన్నులు కట్టడానికీ, తగవులు తీర్చుకోవడానికీ, చివరికి తిట్లు తినడానికీ అందరూ మా ఊరే వచ్చేవాళ్ళు. హాసీ రహ్మాలో అప్పుడేముంది? ఒక బావి, దాని పక్కన ఒంటెలు తాగే తొట్టి. వాది అని పిలిచే ఎండు ఏటికి అవతల బల్లపరుపు నేల, చుట్టూ అల్ఫా గడ్డి. అంతే. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దేశం మొత్తానికి పదిహేను జిల్లాలు. మేమూ వాళ్ళూ కూడా ఉత్తరాన ఎక్కడో, రోజంతా బస్సులో కూర్చుంటే వచ్చే పట్నం కింద పడి ఉండేవాళ్ళం. దూరం ఇద్దరికీ ఒకటే, అవమానం ఇద్దరికీ ఒకటే, కాబట్టి గొడవ లేదు. తర్వాత జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. అప్పుడు కూడా మాకేమీ రాలేదు, వాళ్ళకూ రాలేదు కనక హాయిగా నిద్రపోయాం. ఎనభైల్లో మళ్ళీ విడగొడతారని, మా మైదానానికి ఒక కొత్త జిల్లా ఇస్తారని కబురు పుట్టింది. కేంద్రం మాత్రం ఒకటే. మా ఊరా, ఆ ఊరా అన్నది చూసి చెప్పడానికి రాజధాని నుంచి ఒక బృందం వస్తుందన్నారు. అప్పుడు పోయింది నిద్ర.

కుయిదర్ అప్పటికి ఈ చుట్టుపక్కల పేరు మోసిన చెయ్యి. పెళ్ళయినా, మొక్కయినా, హజ్ చేసి వచ్చినవాడి విందయినా ఆయన గుంట తవ్వందే పని మొదలయ్యేది కాదు. గొర్రెపిల్లను అలాగే మొత్తంగా కర్రకు గుచ్చి, నిప్పుల మీద పొద్దుటి నుంచి తిప్పుతూ, ఉప్పు వేసిన నెయ్యి గుడ్డ చుట్టిన కర్రతో అద్దుతూ ఉంటాడు. పైన తోలు గోరు తగిలితే చిట్లాలి, లోపల మాంసం వేలు తగిలితే ఊడి రావాలి. కర్ర తిప్పడానికి తమ్ముడు మీలూద్ ఉండేవాడు. అన్న కసిరితే తల వంచుకుని నవ్వుకునేవాడు. అతనికి పెళ్ళి హాసీ రహ్మా పిల్లతో అయింది. దానికి అప్పట్లో ఎవరికీ అభ్యంతరం లేదు, కుయిదర్‌కి అసలు లేదు.

బృందం వచ్చింది. రెండు జీపుల్లో దిగారు. మా పెద్దలు వాళ్ళని కోట చూడనిచ్చారా, నీళ్ళ ఊట చూడనిచ్చారా? అతిథి అన్నం తినకముందు వచ్చిన పని అడిగితే మా ఇళ్ళల్లో పరువు తక్కువ. ముందు కూర్చోబెట్టారు. కుయిదర్ గొర్రెపిల్లను మోయించుకుని వచ్చాడు. మాలో మర్యాద ఏమిటంటే, కాల్చినవాడు గుర్దాను, అంటే గొర్రెపిల్ల మూత్రపిండాన్ని, తన చేత్తో తీసి, వచ్చినవాళ్ళందరిలో పెద్దవాడి చేతిలో పెట్టాలి. కుయిదర్ అందర్నీ ఒకసారి చూశాడు. మధ్యలో ఒకాయన, తెల్లటి మీసం, పసుప్పచ్చ తలపాగా, కూర్చున్న తీరులోనే ఒక ఠీవి. చివరన ఒక కుర్రాడు, బోడితల, కళ్ళజోడు, ప్యాంటు నలుగుతుందేమోనని ఒదిగి ఒదిగి కూర్చున్నాడు. ఇంకేం ఆలోచన? కుయిదర్ గుర్దా తీసి తలపాగా ఆయన ముందు పెట్టాడు.

"నాకెందుకు నాయనా, నేను కాదు," అన్నాడు ఆయన.

"మీరు కాక ఇంకెవరండీ, తినండి," అన్నాడు కుయిదర్. పెద్దవాళ్ళు ముందు వద్దనడం, మనం బతిమాలడం మామూలే కదా.

"అది కాదు నాయనా, నేను చెప్పేది విను…"

"వినను. మీరు తినకపోతే నా ఆలి నాకు హరామ్."

తినకపోతే ఎదుటివాడి కాపురమే కూలిపోయేంత ప్రమాణం నెత్తిన పడ్డాక ఎవడు మాత్రం కాదంటాడు? ఆయన మొహం ఎర్రగా చేసుకుని, ఎవరి కళ్ళల్లోకీ చూడకుండా తినేశాడు. తిన్నాక తెలిసింది. ఆయన జీపు డ్రైవరు. బృందానికి పెద్ద ఆ కళ్ళజోడు కుర్రాడు. కుర్రాడు నవ్వాడనే కొందరంటారు. కోటా చూశాడు, ఊటా చూశాడు, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

కర్ర తిప్పిన మీలూద్ ఇదంతా చూశాడు. తెల్లారి బృందం హాసీ రహ్మా వెళ్ళింది. అక్కడ గొర్రెపిల్లను కాల్చింది ఎవరనుకున్నారు? అల్లుడు మీలూద్. మామగారు పిలిచాడు, వెళ్ళాడు, కాదనలేకపోయాడు. గుర్దా తీసి నేరుగా ఆ కళ్ళజోడు కుర్రాడి చేతిలో పెట్టాడు.

కొన్ని నెలలకు రేడియోలో నలభై ఎనిమిది జిల్లాల పేర్లు చదివారు. నా కొట్టు ముందు జనం. కుయిదర్ సగం గడ్డంతో, మెడలో తువ్వాలుతో వింటున్నాడు. హాసీ రహ్మా పేరు వచ్చింది. మా పేరు రాలేదు. అందరూ కుయిదర్ వంక తిరిగారు. నేనూ తిరిగాను, దాచడం దేనికి. ఒకడు అననే అన్నాడు:

"డ్రైవర్‌గారికి అరిగిందా అన్నా?"

కుయిదర్ లేచాడు. సబ్బు నురగ చొక్కా మీద కారుతోంది. "నా చేతి కింద పెరిగిన చెయ్యి. నా నిప్పు, నా నెయ్యి, నా పద్ధతి. వాడు పట్టుకెళ్ళి వాళ్ళకి పెట్టాడు. అందరూ వినండ్రా. ఆ ఊరి మట్టి మీద నేను కాలు పెడితే ఖైరా నాకు హరామ్."

ఖైరా ఆయన భార్య. ఎదురుగా వాళ్ళ తలుపు వెనకే ఉంది, చేతిలో రొట్టెల బుట్టతో. లోపలికెళ్ళాక ఆమె అన్న మాట నాకు వీధి ఇవతలికి వినపడింది. "ప్రమాణం చెయ్యడానికి నీకు మీసం లేదా? ప్రతిసారీ నేనే దొరుకుతానా?"

మనిషి అసూయపడితే ఏ ఆర్నెల్లో, ఏడాదో. కుయిదర్‌ది అలాంటిది కాదు. దానికి ప్రతి ఏడూ కొత్త చిగురు వచ్చేది. జిల్లా కేంద్రం అయ్యాక హాసీ రహ్మాకి రోడ్డు వచ్చింది, కాలేజీ వచ్చింది, కోర్టు వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. గవర్నరుగారి అతిథి గృహం వచ్చింది, అందులో వంటపెద్దగా మీలూద్ వచ్చాడు. మంత్రులు తిన్నారు, రాయబారులు తిన్నారు. మీలూద్‌కి వరసగా అయిదుగురు పిల్లలు. కుయిదర్‌కి ఒక్కరూ లేరు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు కానీ, తమ్ముడికి మళ్ళీ కొడుకు పుట్టాడని తెలిసిన రోజున నా కుర్చీలో కూర్చుని, "ఊపిరాడ్డం లేదురా, ఆ కిటికీ తెరువు," అన్నాడు. కిటికీ తెరిచే ఉంది.

ఎవరు హాసీ రహ్మా వెళ్ళొచ్చినా పట్టుకునేవాడు. "వాడి చేతి మాంసం తిన్నావా? తోలు చిట్లిందా, సాగిందా?" సాగింది అంటే టీ ఇప్పించేవాడు. ఒకసారి అల్ఫా గడ్డి వ్యాపారి ఒకడు అమాయకంగా, "అద్భుతంగా ఉందన్నా, మీ చేతి వాటమే," అన్నాడు. కుయిదర్ ఆ మనిషి చచ్చేదాకా సలాముకు జవాబివ్వలేదు. పండక్కి మీలూద్ పిల్లల్ని వేసుకుని కారులో వచ్చేవాడు. అన్న చెయ్యి ముద్దు పెట్టుకునేవాడు. కుయిదర్ ఆ చేతుల్ని తిప్పి చూసేవాడు.

"నీ చేతులు తెల్లబడ్డాయిరా. నిప్పు దగ్గరికి నువ్వెళ్తున్నావా, జీతగాళ్ళని పంపుతున్నావా?"

"వాళ్ళూ ఉన్నారన్నా, నేనూ ఉంటాను."

"ఆహా. మాకైతే వాళ్ళు లేరు. మాది మారుమూల ఊరు కదా."

మీలూద్ తల వంచుకునేవాడు. నవ్వేవాడు కాదు. వెళ్ళేటప్పుడు కారు మలుపు తిరిగేదాకా కుయిదర్ దాని వెనక ఉన్న పలకనే చూస్తూ నిలబడేవాడు.

కాగితం ఏది కావాలన్నా జిల్లా కేంద్రానికే వెళ్ళాలి. గుర్తింపు కార్డయినా, పింఛనైనా, పాస్‌పోర్టయినా. కుయిదర్ వెళ్ళడు కనక ఖైరా వెళ్ళేది, లేదా నన్ను పంపేది. వాది మీద వంతెన ఉంది. వంతెన దాటితే హాసీ రహ్మా మట్టి. కుయిదర్ ఒక్కోసారి వంతెన దాకా ఆమెతో బస్సులో వచ్చి, దిగి, సాయంత్రం బస్సు వచ్చేదాకా గట్టు మీద కూర్చునేవాడు. ఆమె దిగగానే ముక్కుతో గాలి పీల్చేవాడు.

"పొగ వాసనొస్తోంది. వాడింటికెళ్ళావా?"

"పిల్లల్ని చూడ్డానికెళ్ళాను."

"ఏం పెట్టాడు?"

"టీ."

"టీయేనా?"

"టీయే. నీ తమ్ముడి టీ కూడా నీకు మంటేనా? ఈ కడుపుమంటతో గుంట అక్కర్లేకుండానే గొర్రెను కాల్చచ్చు."

ఆమె నవ్వేది. ఆమె నవ్వితే కుయిదర్ కూడా చివరికి నవ్వేవాడు. దాన్ని చూసే నేను అనుకునేవాణ్ణి, ఈ మనిషికి ఇంట్లో అంత మంచి నవ్వు ఉండగా ఆ ఊరి మీద ఏడుపెందుకని. అడిగాను కూడా ఒకసారి. గడ్డం మీద కత్తి ఉంది కనక కొట్టలేదు.

ఖైరాకు కడుపులో నొప్పి మొదలైంది. మొదట సోంపు కషాయం తాగింది, తర్వాత తేనె, తర్వాత మా దవాఖానా మాత్రలు. ఒక రోజు మధ్యాహ్నం రొట్టె పెనం ముందు అలాగే ముడుచుకుపోయింది. దవాఖానా డాక్టరు చూసి, ఇక్కడ కాదు, కోసి చూడాలి, వెంటనే హాసీ రహ్మాకు తీసుకెళ్ళమన్నాడు. అంబులెన్సు ఎక్కించాం. కుయిదర్ ఎక్కాడు, నేనెక్కాను, తోడుకి నా భార్య ఎక్కింది. దారి పొడుగునా ఆయన ఖైరా చెయ్యి వదల్లేదు. వంతెన వచ్చింది.

"ఆపు," అన్నాడు కుయిదర్.

డ్రైవరు ఏమయిందోనని ఆపాడు. కుయిదర్ దిగాడు. నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నాను. ఖైరా తల ఎత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "పోనియ్యి బాబూ," అంది డ్రైవరుతో, అంతే. వెనక అద్దంలోంచి కుయిదర్ కనిపించాడు, రోడ్డు మధ్యలో, రెండు చేతులూ వేలాడేసుకుని.

ఆపరేషన్ అయింది. లోపల ఉన్నది చూసి, తీయడానికి వీల్లేదని డాక్టర్లు మళ్ళీ కుట్టేశారని ఊరికి తిరిగొచ్చాక నా భార్య నాకు చెప్పింది. నేను కుయిదర్‌కి చెప్పలేకపోయాను. "బాగానే ఉంది, కొన్నాళ్ళు ఉంచుతారట," అన్నాను. ఆయన పొద్దున్నే వచ్చి నా కుర్చీలో కూర్చునేవాడు, క్షవరం అక్కర్లేకపోయినా. హాసీ రహ్మా నుంచి టాక్సీ నడిపే ఖద్దూర్ రావాలి, కబురు చెప్పాలి. ఎవరో గడ్డం చేయించుకోవడానికొస్తే లేచేవాడు, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ కూర్చునేవాడు.

ఇమామ్‌గారు తనే వచ్చాడు. "కుయిదర్, నీ మొండితనానికి దేవుణ్ణి అడ్డం పెట్టకు. ప్రమాణం తప్పాల్సొస్తే దారుంది. పదిమంది పేదలకు అన్నం పెట్టు, లేదా మూడు రోజులు ఉపవాసం ఉండు. వెళ్ళి నీ భార్యను చూసుకో. నేను చెప్తున్నాను, ఆమె నీ భార్యే."

"పేదలకు అన్నం పెట్టడం నాకో లెక్కా ఇమామ్‌గారూ? వంద మందికి పెడతాను. కానీ ఊరంతా ఏమంటుంది? కుయిదర్ చివరికి హాసీ రహ్మా గడప తొక్కాడంటారు. వాడు చూసి నవ్వుతాడు."

"ఎవడు నవ్వుతాడు?"

"వాడే."

ఇమామ్‌గారు నా వంక చూశాడు. నేను కత్తి నూరుతూ తల దించుకున్నాను. నాకు ఆ రోజు కుయిదర్ మీద ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. అయినా టీ తెప్పించాను. ఏం చేస్తాం, పాతికేళ్ళ ఎదురుకొట్టు.

తర్వాత ఒక రోజు ఖద్దూర్ వచ్చాడు. టాక్సీ ఆపి, దిగకుండా కిటికీలోంచే తల బయటపెట్టాడు. మాట్లాడ్డానికి ఇబ్బంది పడుతున్నాడు.

"వదిన కబురు పంపింది అన్నా. రోజూ మధ్యాహ్నం మీలూద్ అన్న మాంసం తెస్తున్నాడట, పక్కన కూర్చుని తినిపిస్తున్నాడట. నీకిలా చెప్పమంది…"

"ఏమని?"

"'ఇన్నేళ్ళు కాపురం చేశాను కానీ మాంసం ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు,' అని చెప్పమంది."

కుయిదర్ మొహంలో నెత్తురు లేదు. నేను పడిపోతాడేమోనని కుర్చీ జరిపాను. పడలేదు. చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఖద్దూర్, మధ్యాహ్నం దాకా ఉండు. ఖాళీగా వెళ్ళకు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

మందలో మంచి గొర్రెపిల్ల ఏదో అదే పట్టాడు. గుంట తనే తవ్వాడు. నన్ను కర్ర తిప్పమన్నాడు, నేను తిప్పడం నచ్చక నా చేతిలోంచి లాక్కున్నాడు. నెయ్యి అద్దుతూ తనలో తనే తిట్టుకుంటున్నాడు. "మెత్తగా అట. నాకు తెలియదట. దాని పళ్ళకి నేనిన్నేళ్ళూ రాళ్ళు పెట్టానా?" జనం మూగారు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ఆయన కాల్చినంత బాగా మళ్ళీ ఎప్పుడూ కాల్చలేదు, నా మాట నమ్మండి. తెల్లటి గుడ్డలో చుట్టి, ఉన్ని కంబళిలో పెట్టి, టాక్సీ వెనక సీట్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను ముందు కూర్చున్నాను.

వంతెన వచ్చింది. ఖద్దూర్ అలవాటు కొద్దీ వేగం తగ్గించాడు.

"ఎందుకు తగ్గించావు? పోనియ్యి, చల్లారిపోతుంది," అన్నాడు కుయిదర్. అంతే. అన్నేళ్ళ ప్రమాణం అలా దాటిపోయింది, చూడనైనా చూడలేదు.

ఆసుపత్రి నడవాలో, ఆమె గది బయట, మీలూద్ నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మూత పెట్టిన టిఫిను గిన్నె. అన్నను చూడగానే లేచాడు, చెయ్యి ముద్దు పెట్టుకోబోయాడు. కుయిదర్ చెయ్యి ఇవ్వలేదు.

"మంత్రుల వంట మా ఇంటిదానికి కూడా పెడుతున్నావట. సంతోషం. ఇవాళ్టికి నీ గిన్నె పక్కన పెట్టుకో."

"అన్నా, లోపలికెళ్ళే ముందు ఒక్క మాట…"

"నీ మాటలు నాకక్కర్లేదు."

లోపలికెళ్ళాం. మంచం మీద ఖైరా ఉందని నాకు ముందు తెలియలేదు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ముక్కులో గొట్టం, చేతికి సీసా. కుయిదర్ కంబళి విప్పుతున్నాడు, తల ఎత్తకుండా, గబగబా. "తిను. తిని చెప్పు. మెత్తగా ఏదుందో చెప్పు." గది నిండా ఆ వాసన నిండిపోయింది. పక్క మంచాల వాళ్ళు లేచి చూశారు. నర్సు పరిగెత్తుకొచ్చింది.

"ఏంటండీ ఇది, ఆవిడ నోట్లో మంచినీళ్ళు కూడా పొయ్యకూడదు. ఆపరేషన్ అయిన రోజు నుంచి ఏమీ ముట్టలేదు."

కుయిదర్ చేతులు ఆగిపోయాయి. నర్సు వంక చూశాడు, గొట్టం వంక చూశాడు, గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వంక చూశాడు.

"మరి వీడు రోజూ తెచ్చిందేమిటి?"

"నేను తినడానికి కాదు," అంది ఖైరా. గొంతు ఎక్కడో లోపలి నుంచి వస్తోంది. "నేనే తెమ్మన్నాను. తెచ్చి వార్డులో వాళ్ళకు పంచమన్నాను. ఖద్దూర్ కంటపడేటట్టు తెమ్మన్నాను. ఆ మాట చెప్పించింది కూడా నేనే. తిట్టాలంటే నన్ను తిట్టు."

"ఎందుకే?"

ఆమె కొంచెం ఊపిరి తీసుకుంది. కళ్ళల్లో మాత్రం పాత నవ్వే. "నా కోసం అయితే వంతెన దగ్గర దిగిపోయావు. వీడి మీద కుళ్ళుతో అయితే వస్తావనుకున్నాను." మీలూద్ వైపు తల తిప్పింది. "చూశావా, వచ్చాడు. నేను చెప్పలేదూ?"

కుయిదర్ నిలబడే ఉన్నాడు. నేను ఆయన వంక చూడలేకపోయాను. చేతుల నిండా నెయ్యి, తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతుక్కుంటున్నాడు, గుడ్డ ఎదురుగానే ఉంది. ఎవరో ముసలావిడ పక్క మంచం మీద నుంచి, "కూర్చో నాయనా, ఆవిడ రోజూ నీ మాటే," అంది. అప్పుడు కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన ఆ ఊళ్ళోనే ఉన్నాడు, మంచం పక్కనే. కానీ మర్నాటి నుంచి నొప్పికి మత్తు మందు పెంచారు. ఖైరా మళ్ళీ మాట్లాడలేదు. ఒకటి రెండు సార్లు కళ్ళు తెరిచింది, ఎవరి వంక చూసిందో చెప్పలేం. ఆ వారం దాటలేదు. శవాన్ని మా ఊరు తెచ్చి కొండ కింద పూడ్చాం. మీలూద్, కుయిదర్ ఇద్దరూ గుంటలోకి దిగారు, ఇద్దరూ ఒకేసారి మట్టి వేశారు.

జిల్లా వచ్చిన రోజున ఆయన తలుపెందుకు తీయలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ రోజు నేను వెళ్ళి తలుపు కొట్టాను. "మనదీ జిల్లా అయింది అన్నా," అన్నాను. "అయితే ఆసుపత్రి కూడా ఇక్కడే కడతారా?" అన్నాడు లోపల నుంచి. కడతారన్నాను. తలుపు మాత్రం తీయలేదు.

ఇప్పుడు కుయిదర్ ప్రతి శుక్రవారం హాసీ రహ్మా వెళ్తాడు. ఒకటి రెండు సార్లు నేనూ వెళ్ళాను. మీలూద్ ఇంట్లో చాప మీద కూర్చుంటారు, ఇద్దరి గడ్డాలూ తెలుపే. మాంసం గురించి ఒక్క మాట ఉండదు. కుయిదర్ అడుగుతాడు, మీలూద్ చెబుతాడు.

"నేను రాకముందు మొదటి రోజు ఏమంది?"

"చలేస్తోందంది అన్నా. ఇంకో దుప్పటి కప్పాను."

"నువ్వే కప్పావా?"

"నేనే."

"రెండో రోజు?"

"దాహం అంది. తాగనివ్వకూడదన్నారు, గుడ్డ తడిపి పెదాలకు అద్దాను. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆమెను గాడిద మీద తిప్పేవాడట, అది చెప్పింది. నవ్వింది కూడా."

"నాతో ఎప్పుడూ చెప్పలేదే అది." కుయిదర్ తమ్ముడి చేతిని తన చేతుల్లోకి తీసుకుని చూస్తాడు, పండక్కి చూసినట్టే. జిల్లా పోయినప్పుడు చూశాను ఆ కళ్ళని, తమ్ముడికి కొడుకులు పుట్టినప్పుడు చూశాను, మంత్రులు పొగిడారని విన్నప్పుడు చూశాను. అప్పటి మంట దీని ముందు మంటే కాదు.

మొన్న శుక్రవారం మీలూద్ టీ పోస్తుంటే కుయిదర్ అన్నాడు: "దాని పక్కన నువ్వున్న ఆ రోజుల్లో ఒక్కటి నాకిచ్చెయ్యరా. నీ జిల్లా, నా జిల్లా, రెండూ నువ్వే ఉంచుకో."

మీలూద్ పోయడం ఆపి, కెటిల్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.